క్లౌడ్‌లో పెట్టిన వ్యక్తిగత పత్రాలకు ఎన్‌క్రిప్షన్ కీ ఎవరి దగ్గర ఉండాలి?

వేకువచుక్క
1వ టపా

సభ్యులందరికీ నమస్కారం. మా ఇంట్లో అందరి గుర్తింపు పత్రాలు, ఆస్తి దస్తావేజుల స్కాన్ ప్రతులు, అమ్మగారి వైద్య నివేదికలు, బీమా, పన్ను కాగితాలు, వీటితో పాటు ఏళ్ల తరబడి పోగైన కుటుంబ ఫొటోలు, అన్నీ ఒకే క్లౌడ్ ఖాతాలో ఉన్నాయి. ఆ సేవ వారి భద్రత పేజీ తెరిచి చూస్తే, సమాచారం దారిలో ఉన్నప్పుడూ, సర్వర్లలో నిలవ ఉన్నప్పుడూ ఎన్‌క్రిప్ట్ అయి, అంటే కీ లేనివారు చదవలేని రూపంలోకి మారి ఉంటుందని రాసి ఉంది. ఆ ఒక్క హామీని పట్టుకుని నిశ్చింతగా ఉండవచ్చా, లేక మా వైపు నుంచి కూడా చేయవలసింది ఏమైనా ఉందా అన్నది నా ప్రశ్న.

నేను కంప్యూటరు రంగంలో పనిచేసే మనిషిని కాను, అయినా ఎవరైనా విడమరచి చెబితే ఓపికగా చేయగలను. ముఖ్యంగా రెండు సంగతులు తెలుసుకోవాలని ఉంది. సేవను నడిపే సంస్థలోని వాళ్లు మా పత్రాలను తెరిచి చూడగలరా? ఖాతా పరాయివారి చేతికి చిక్కితే ఆ ఎన్‌క్రిప్షన్ మమ్మల్ని కాపాడుతుందా?

నిదానం
2వ టపా

వేకువచుక్క గారూ, మీరు అడిగిన రెండు ప్రశ్నల్లో మొదటిదానికి జవాబు "చాలా సేవల్లో చూడగలరు", రెండోదానికి జవాబు "కాపాడదు". ఎందుకో కాస్త వివరంగా చెబుతాను.

"నిలవ ఉన్నప్పుడు ఎన్‌క్రిప్షన్" అంటే సాధారణంగా మీ ఫైలు సంస్థ సర్వరుకు చేరిన తర్వాత, సంస్థే తయారుచేసుకున్న కీతో, సంస్థే ఎన్‌క్రిప్ట్ చేసి డిస్కులో రాయడం. వాడే పద్ధతి మంచిదే. అమెరికా ప్రమాణాల సంస్థ ఎన్ఐఎస్‌టీ 2001లో ఆమోదించిన ఏఈఎస్ పద్ధతినే దాదాపు అందరూ వాడుతున్నారు, దాన్ని నేరుగా ఛేదించే ఆచరణయోగ్యమైన మార్గం ఇంతవరకు ఎవరికీ దొరకలేదు. కాబట్టి డేటా సెంటరులోంచి ఎవరైనా డిస్కును ఎత్తుకుపోయినా, పాడైన డిస్కును సరిగా తుడవకుండా పారేసినా, అందులో ఉన్నది చదవడం వాళ్ల వల్ల కాదు. ఆ మేరకు ఆ హామీ నిజమైనదే.

అయితే కీ సంస్థ దగ్గరే ఉంటుంది. తాళం వేసిన పెట్టెతో పాటు తాళంచెవిని కూడా వాళ్ల చేతికే ఇచ్చినట్టన్నమాట. అందువల్ల అధికారం ఉన్న ఉద్యోగి, న్యాయస్థానం ఉత్తరువు తెచ్చిన అధికారి, సంస్థ అంతర్గత వ్యవస్థలోకి చొరబడిన దుండగుడు, ఈ ముగ్గురిలో ఎవరి ముందైనా మీ ఫైలు విప్పిన రూపంలో తెరుచుకునే అవకాశం ఉంటుంది. మీ పాస్‌వర్డుతో లోపలికి వచ్చినవాడి సంగతి చెప్పనవసరమే లేదు. వ్యవస్థ దృష్టిలో అతనే మీరు, కాబట్టి అతని కోసం అన్నీ విప్పి ఇస్తుంది.

సంస్థలు కీ తమ దగ్గర ఉంచుకోవడంలో ప్రతిసారీ దురుద్దేశం వెతకనక్కరలేదు. ఫొటోల్లో ముఖాలను బట్టి వెతికి పెట్టడం, పత్రం లోపలి మాటలతో శోధన, బ్రౌజరులోనే ఫైలును తెరిచి చూపడం, పాస్‌వర్డు మరిచిపోతే ఖాతాను తిరిగి ఇప్పించడం, ఇవన్నీ సర్వరు మీ సమాచారాన్ని చదవగలిగితేనే సులభంగా సాధ్యమవుతాయి. మీ సేవ ఏ కోవకు చెందినదో తెలుసుకోవడానికి నిపుణులు చెప్పే పరీక్ష ఒకటుంది. మీ పరికరాలన్నీ పోయి, పాస్‌వర్డు కూడా మరిచిపోయిన తర్వాత, కేవలం సంస్థ సహాయంతో కొత్త పాస్‌వర్డు పెట్టుకుని మీ ఫైళ్లన్నీ తిరిగి పొందగలిగితే, ఆ ఫైళ్లను చదివే శక్తి సంస్థకు ఉన్నట్టే లెక్క.

దీనికి భిన్నమైనది మొదటి కొస నుంచి చివరి కొస దాకా ఎన్‌క్రిప్షన్. ఇందులో ఫైలు మీ పరికరంలోనే ఎన్‌క్రిప్ట్ అయి వెళ్తుంది, కీ మీ దగ్గర తప్ప మరెక్కడా ఉండదు. ఆపిల్ సంస్థ 2022 డిసెంబరులో అడ్వాన్స్‌డ్ డేటా ప్రొటెక్షన్ అనే ఐచ్ఛిక సదుపాయం ఇచ్చింది. అంతకుముందు ఆ సంస్థ క్లౌడ్ సేవ ఐక్లౌడ్‌లో 14 రకాల సమాచారానికే ఈ రక్షణ ఉండేది, దాన్ని ఆన్ చేసుకుంటే పరికరం బ్యాకప్, ఫొటోలు, నోట్సుతో సహా అప్పట్లో 23 రకాలకు విస్తరించేది. మెయిల్, కాంటాక్టులు, క్యాలెండరు మాత్రం దాని పరిధిలోకి రావు. వాట్సాప్ కూడా 2021 అక్టోబరు నుంచి చాట్ బ్యాకప్‌ను పాస్‌వర్డుతోనో, 64 అంకెల కీతోనో ఇలా ఎన్‌క్రిప్ట్ చేసుకునే వీలు ఇచ్చింది. ఈ రెండూ మనంతట మనం సెట్టింగుల్లోకి వెళ్లి ఆన్ చేసుకోవలసినవి. ఊరికే ఉంటే వాటంతట అవి రావు.

గవాక్షం
3వ టపా

నిదానం గారు చెప్పింది అక్షరాలా నిజం. అయినా క్రమం విషయంలో నాకు వేరే అభిప్రాయం ఉంది. వ్యక్తుల సమాచారం క్లౌడ్ నుంచి బయటపడిన సందర్భాలను పరిశీలిస్తే, ఎన్‌క్రిప్షన్ ఓడిపోయి పోయినవాటి కంటే, లాగిన్ చేజారి పోయినవే చాలా ఎక్కువగా కనిపిస్తాయి. అందుచేత కీ సంగతి చూసుకునే ముందు ఖాతా సంగతి చూసుకోవాలి.

2014లో పలువురు సినీ తారల వ్యక్తిగత ఫొటోలు బయటికి వచ్చినప్పుడు, ఐక్లౌడ్ సర్వర్లనే ఛేదించారని చాలామంది అనుకున్నారు. తర్వాత నడిచిన కేసుల్లో తేలింది వేరు. ఆపిల్, గూగుల్ సంస్థల నుంచి వచ్చినట్టు కనిపించే నకిలీ మెయిళ్లు పంపి, బాధితుల చేతనే పాస్‌వర్డులు చెప్పించుకుని, వాటితో దర్జాగా లాగిన్ అయి మొత్తం బ్యాకప్‌లను దించుకున్నారు. డ్రాప్‌బాక్స్ అనే క్లౌడ్ సేవలో 2012లో జరిగిన సమాచార చోరీకి మూలం ఆ సంస్థ ఉద్యోగి ఒకరు వేరే చోట వాడిన పాస్‌వర్డునే ఆఫీసులోనూ వాడడం. ఆ నష్టం పూర్తి పరిమాణం 2016లో గాని తెలియలేదు. సుమారు 6 కోట్ల 80 లక్షల ఖాతాల మెయిల్ చిరునామాలు, హ్యాష్ చేసిన (నేరుగా చదవలేని రూపంలోకి మార్చిన) పాస్‌వర్డులు అప్పటికే బయట తిరుగుతున్నాయి. అంటే, ఒక చోట పోయిన పాస్‌వర్డు నాలుగేళ్ల తర్వాత కూడా ఇంకో చోట తలుపు తెరవగలదు.

కాబట్టి వేకువచుక్క గారు మొట్టమొదట కాపాడుకోవలసింది క్లౌడ్ ఖాతా కూడా కాదు, దానికి పాస్‌వర్డు మార్పు లింకు వచ్చే మెయిల్ ఖాతా. మెయిల్ చేజిక్కినవాడు మిగతా ఖాతాలన్నింటినీ ఒకదాని వెంట ఒకటి తిరగరాసుకోగలడు. ఆ మెయిల్ ఖాతాకు మరెక్కడా వాడని పాస్‌వర్డు పెట్టండి. వీలుంటే పాస్‌కీ, అంటే పాస్‌వర్డుకు బదులు మన పరికరంలో ఉండి వేలిముద్రతోనో ముఖంతోనో పనిచేసే లాగిన్ కీ, పెట్టుకోండి. పాస్‌కీలో గొప్పతనం ఏమిటంటే, అది సృష్టించిన వెబ్‌సైటు చిరునామాకే కట్టుబడి ఉంటుంది. నకిలీ పేజీ చూడడానికి ఎంత అచ్చంగా ఉన్నా చిరునామా వేరు గనుక పాస్‌కీ అక్కడ పనిచేయదు. మనం మోసపోయినా అది మోసపోదు.

పాస్‌కీ వీలుకాని చోట రెండంచెల ధృవీకరణ తప్పనిసరి. ఎస్సెమ్మెస్‌లో వచ్చే ఓటీపీ అసలు లేకపోవడం కంటే మేలే గాని, మన నంబరును మోసంతో వేరే సిమ్ముకు మార్పించుకుంటే ఆ ఓటీపీ కూడా వాళ్లకే వెళ్తుంది. ఫోనులోనే కోడు పుట్టించే యాప్‌గాని, యూఎస్‌బీ భద్రతా కీగాని అంతకంటే నమ్మదగినవి.

తాళపత్రం
4వ టపా

ఇద్దరు చెప్పినవాటికీ నేను వ్యతిరేకం కాను. కాని ఈ చర్చల్లో ఎప్పుడూ వెనకబెంచీకి పోయే భయం ఒకటుంది, దాన్ని ముందుకు తేవడం నా ఉద్దేశం. దొంగ చేతికి చిక్కడం ఎంత నష్టమో, సొంతదారుడికే అందకుండా పోవడం అంతకంటే పెద్ద నష్టం. గుర్తింపు పత్రం ఫొటో బయటపడితే దాని దుర్వినియోగాన్ని అడ్డుకోవడానికి కొన్ని మార్గాలైనా ఉంటాయి, పెద్దల ఫొటోలు కీతో పాటు పోతే తిరిగి తెచ్చే మార్గం ఈ లోకంలో లేదు. "కీ మీ దగ్గర తప్ప ఎక్కడా ఉండదు" అని నిదానం గారు రాసిన వాక్యంలోనే ఈ ప్రమాదం కూడా ఉంది. అందుకే ఆపిల్ ఆ సదుపాయం ఆన్ చేయనిచ్చే ముందు, పాస్‌వర్డు పోయినా ఖాతాను తిరిగి తెరిచే రికవరీ కీగాని, నమ్మకమైన మనిషిని రికవరీ కాంటాక్టుగా గాని పెట్టుకోమని పట్టుబడుతుంది.

కాబట్టి ఎన్‌క్రిప్షన్ మొదలుపెట్టిన రోజే రికవరీ ఏర్పాటు పూర్తి కావాలి, రేపు చూద్దాం అనకూడదు. రికవరీ కోడ్లను కాగితం మీద స్పష్టంగా రాసి, ఇంట్లో ముఖ్యమైన పత్రాలున్న చోట ఒక ప్రతి, పూర్తిగా నమ్మదగిన బంధువు ఇంట ఇంకో ప్రతి ఉంచండి. ఆ కోడ్లను ఫొటో తీసి అదే క్లౌడ్‌లో పెట్టడం మాత్రం దయచేసి చేయవద్దు.

ఇంకొక సంగతి ఎవరికీ మాట్లాడబుద్ధి కాదు గాని మాట్లాడుకోవాలి. ఖాతా ఎవరి పేరున ఉందో ఆ మనిషి మంచాన పడినా, కన్నుమూసినా కుటుంబం పరిస్థితి ఏమిటి? గూగుల్‌లో ఇన్‌యాక్టివ్ అకౌంట్ మేనేజర్ అనే ఏర్పాటు 2013 నుంచి ఉంది. మనం నిర్ణయించినంత కాలం ఖాతా కదలకుండా ఉంటే, మనం ఎంచుకున్న సమాచారం మనం చెప్పిన వ్యక్తులకు అందుతుంది. ఆపిల్ 2021 డిసెంబరులో, మన తదనంతరం ఖాతాను తెరవగల మనిషిని ముందే ఎంచుకునే లెగసీ కాంటాక్ట్ అనే ఏర్పాటు తెచ్చింది. దానికి మనం ముందుగా ఇచ్చిన యాక్సెస్ కీ, మరణ ధృవీకరణ పత్రం రెండూ కావాలి, అయినా దాచుకున్న పాస్‌వర్డులు మాత్రం ఆ వ్యక్తికి అందవు. వీటికి తోడు, రెండేళ్లపాటు ఎవరూ తెరవని వ్యక్తిగత ఖాతాలను తొలగించే విధానాన్ని గూగుల్ 2023 డిసెంబరు నుంచి అమలులో పెట్టింది. పెద్దవాళ్ల పాత ఖాతాల్లో ఫొటోలున్న ప్రతి ఒక్కరూ ఈ విషయం గుర్తుంచుకోవాలి.

వేకువచుక్క
5వ టపా

ముగ్గురికీ ధన్యవాదాలు. మెయిల్ ఖాతా సంగతి నాకు ఏనాడూ తట్టలేదు, ఈ సాయంత్రమే పాస్‌కీ పెట్టాను. రికవరీ కోడ్లు కాగితం మీద రాసుకున్నాను.

ఇప్పుడు ఎన్‌క్రిప్షన్ గురించి అడుగుతాను. నేను వాడుతున్న సేవలో కీ సంస్థ దగ్గరే ఉంటుందని నిదానం గారి పరీక్షతో తేలిపోయింది. ఖాతా మార్చడం ఇప్పట్లో కుదరదు, ఎందుకంటే ఇంట్లో అందరి ఫోన్లూ దానికే ముడిపడి ఉన్నాయి. సేవను మార్చకుండానే కొన్ని పత్రాలనైనా నా కీతో దాచుకునే మార్గం ఉందా? అమ్మగారు ఆసుపత్రికి వెళ్లినప్పుడు తన నివేదికలను ఫోనులో తానే తెరుచుకోగలగాలి. అది కుదరకపోతే ఎంత భద్రమైన ఏర్పాటైనా మాకు ఉపయోగపడదు.

నిదానం
6వ టపా

మార్గం ఉంది. క్రిప్టోమేటర్ అనే ఉపకరణాన్ని చూడండి. దాని మూలసంకేతం అందరికీ అందుబాటులో ఉంది, కంప్యూటరులోనూ ఫోనులోనూ పనిచేస్తుంది, ఇప్పుడున్న క్లౌడ్ సేవ పైనే కూర్చుంటుంది. మీరు క్లౌడ్ ఫోల్డరు లోపల ఒక వాల్టు, అంటే తాళం వేసిన పెట్టెలాంటి ఫోల్డరు, సృష్టించి దానికి పాస్‌వర్డు పెడతారు. వాల్టు తెరిచినప్పుడు కంప్యూటరులో అది మామూలు డ్రైవులా కనబడుతుంది. అందులో వేసిన ప్రతి ఫైలూ మీ పరికరంలోనే ఎన్‌క్రిప్ట్ అయి, ఆ తర్వాతే క్లౌడ్‌కు పోతుంది.

సంస్థ వైపు నుంచి అది ఎలా ఉంటుందో చూడాలంటే, వాల్టు మూసేసి బ్రౌజరులో అదే ఫోల్డరు తెరవండి. "అమ్మ రక్తపరీక్ష" అని మీరు పెట్టిన పేరు ఎక్కడా కనబడదు. "డి" అనే అక్షరం పేరుతో ఒక ఫోల్డరు, దాని లోపల రెండేసి అక్షరాల పేర్లతో ఫోల్డర్లు, వాటి లోపల ఇంకా పొడవాటి అర్థంలేని పేర్లు, చివరికి సీ9ఆర్ అనే తోకపేరుతో ముగిసే ఫైళ్లు ఉంటాయి. మీరు లోపల వేసిన ఫోల్డర్ల అమరిక కూడా ఆ బయటి అమరికలో తెలియదు. అయితే ఇది దేన్ని దాచదో కూడా చెప్పాలి. ఫైళ్లు సుమారుగా ఎన్ని ఉన్నాయి, ఒక్కొక్కటి ఎంత పెద్దది, ఏ రోజు మార్చారు అన్నవి బయటికి తెలుస్తూనే ఉంటాయి. మీబోటి కుటుంబానికి దీనివల్ల ఇబ్బంది లేదు.

ఇక్కడ రెండు జాగ్రత్తలు అవసరం. వాల్టులో మాస్టర్‌కీ అనే పేరున్న చిన్న ఫైలు ఒకటి ఉంటుంది. అసలు కీలు అందులోనే, మీ పాస్‌వర్డుతో చుట్టబడి ఉంటాయి. అది చెరిగిపోతే పాస్‌వర్డు గుర్తున్నా వాల్టు మామూలుగా తెరుచుకోదు. అందుకని వాల్టు సృష్టించేటప్పుడే రికవరీ కీ కావాలని ఎంచుకోండి. మాటల వరుస రూపంలో వస్తుంది, దాన్ని తాళపత్రం గారు చెప్పినట్టే కాగితం మీద ఉంచుకోండి. రెండోది, ఒకే వాల్టులోని ఒకే ఫైలును ఇద్దరు ఒకే సమయంలో మారిస్తే సింక్‌లో, అంటే మార్పులు అన్ని పరికరాలకూ చేరే పనిలో, గందరగోళం వస్తుంది. అమ్మగారి ఫోనులో చదవడానికి మాత్రమే వాడితే ఆ సమస్య ఉండదు. ఫోనులో వేలిముద్రతో వాల్టు తెరుచుకునేలా పెడితే ఆవిడకు పాస్‌వర్డు కొట్టే శ్రమ కూడా తప్పుతుంది.

చిత్రరేఖ
7వ టపా

నేను కుటుంబ ఫొటోల వ్యవహారమే ఎక్కువగా చూస్తుంటాను కాబట్టి ఆ వైపు నుంచి చెబుతాను. ఎన్‌క్రిప్షన్, పాస్‌వర్డులు అన్నీ సవ్యంగా ఉన్నా, మన చేత్తో మనమే తీసిపెట్టిన తలుపులు కొన్ని ఉంటాయి. వాటిలో మొదటిది "లింకు ఉన్న ఎవరైనా చూడవచ్చు" అనే పంపకం. ఎవరో ఒక పత్రం అడిగితే తొందరలో ఆ ఎంపిక నొక్కి లింకు పంపుతాము. పని అయిపోతుంది, లింకు మాత్రం బతికే ఉంటుంది. అది వాట్సాప్ గ్రూపులో ముందుకు పోవచ్చు, ఎవరి మెయిల్‌లోనో ఏళ్ల తరబడి పడి ఉండవచ్చు, ఆ మెయిల్ ఖాతా పోయిన రోజున పరాయివాడికి దొరకవచ్చు. లింకు తెరిచిన మనిషెవరో వ్యవస్థ అడగదు గనుక, ఎవరు చూశారో మనకు తెలిసే మార్గం కూడా ఉండదు. పంపేటప్పుడు ఫలానా మెయిల్ చిరునామాకు మాత్రమే అని ఎంచుకోవడం, గడువు తేదీ పెట్టే వీలుంటే పెట్టడం అలవాటు చేసుకోవాలి.

వేకువచుక్క గారు ఒకసారి తమ ఖాతాలోని ఒక ఫోల్డరుపై పంపకం వివరాలు తెరిచి చూస్తే ఎలా ఉంటుందో ఉదాహరణకు చెబుతాను. పైన సొంతదారు పేరు, దాని కింద ఎప్పుడో చేర్చిన చిరునామాల వరుస, ఒక్కొక్కదాని పక్కన "చూడవచ్చు" లేదా "మార్చవచ్చు" అన్న అనుమతి, అట్టడుగున లింకు పరిధి. ఆ వరుసలో పన్ను లెక్కలు చూసి పెట్టినవారి పాత చిరునామా, ఇప్పుడు మనం వాడని మన పాత మెయిల్ వంటివి కనబడడం మామూలు. పై ఫోల్డరుకు ఇచ్చిన అనుమతి లోపలి ఫోల్డర్లన్నింటికీ పాకుతుంది కాబట్టి, పై నుంచి కిందికి చూసుకుంటూ రావాలి.

రెండో తలుపు, ఇతర యాప్‌లకు ఇచ్చిన అనుమతులు. పీడీఎఫ్ ఫైళ్లను కలిపే యాప్, స్కాన్ చేసే యాప్, ఫొటోలకు మెరుగులు దిద్దే యాప్, ఇవన్నీ "మీ డ్రైవును చూసే అనుమతి" అడుగుతాయి. ఒకసారి అనుమతిస్తే మన పాస్‌వర్డుతో సంబంధం లేకుండా అవి లోపలికి రాగలవు. పాస్‌వర్డు మార్చినా చాలా సందర్భాల్లో ఆ అనుమతి అలాగే ఉంటుంది. ఖాతా భద్రత పేజీలో అనుసంధానమైన యాప్‌ల జాబితా ఉంటుంది, వాడనివాటిని అక్కడే తీసేయండి.

ఫొటోల గురించి ఇంకొక్క మాట. ఫోనుతో తీసిన ఫొటోలో తేదీ, కెమెరా వివరాలే కాక, లొకేషన్ ఆన్‌లో ఉంటే అక్షాంశ రేఖాంశాలు కూడా ఫైలులోనే నమోదవుతాయి. పిల్లల ఫొటోలను లింకు ద్వారా పంపేటప్పుడు ఇల్లు, బడి ఎక్కడున్నాయో కూడా పంపుతున్నామని గుర్తుంచుకుని, పంపే ముందు ఆ వివరం తొలగించండి. దాదాపు అన్ని ఫోన్లలోనూ పంపే చోటే ఆ ఎంపిక ఉంటుంది.

గవాక్షం
8వ టపా

చిత్రరేఖ గారి టపాను ప్రతి ఒక్కరూ చదవాలి. అందులో చెప్పిన పనులకు పైసా ఖర్చు లేదు.

నిదానం గారి వాల్టు సలహాకు నేనొకటి చేర్చాలి. మన కీతో ఎన్‌క్రిప్ట్ చేసుకున్నంత మాత్రాన బలహీనమైన పాస్‌వర్డు బలమైనది అయిపోదు. 2022లో లాస్ట్‌పాస్ అనే పాస్‌వర్డు మేనేజరుకు (పాస్‌వర్డులన్నింటినీ ఒక మాస్టర్ పాస్‌వర్డు కింద దాచిపెట్టే సేవకు) జరిగింది దీనికి స్పష్టమైన ఉదాహరణ. దుండగులు ఆ సంస్థ క్లౌడ్ నిలవలోంచి ఖాతాదారుల వాల్టుల బ్యాకప్ ప్రతులను పట్టుకుపోయారు. వాల్టుల్లోని పాస్‌వర్డులు ఎన్‌క్రిప్ట్ అయ్యే ఉన్నాయి, సంస్థ దగ్గర మాస్టర్ పాస్‌వర్డులు లేవు కూడా. అయితే వెబ్‌సైట్ల చిరునామాలు ఎన్‌క్రిప్ట్ కాలేదు కాబట్టి, ఎవరికి ఏయే చోట ఖాతాలున్నాయో వాళ్లకు తెలిసిపోయింది. అంతకంటే ముఖ్యం, వాల్టు నకలు వాళ్ల చేతిలోనే ఉన్నప్పుడు లాగిన్ పేజీలో లాగా "ఇన్నిసార్లు తప్పు కొట్టారు, ఆగండి" అనేవాళ్లు ఉండరు. తమ యంత్రాల మీద నెలల తరబడి, ఏళ్ల తరబడి ఊహలు ప్రయత్నించవచ్చు.

అందుకని వాల్టు పాస్‌వర్డు విషయంలో పెద్ద అక్షరం, అంకె, గుర్తు అనే తంతు కంటే పొడవు ముఖ్యం. ఒకదానితో ఒకటి సంబంధం లేని ఆరేడు మాటలను ఏ క్రమమూ లేకుండా ఎంచుకుని వరుసగా పెడితే, గుర్తుంచుకోవడానికి వీలుగా ఉంటుంది, ఊహించడానికి దుస్సాధ్యంగా ఉంటుంది. పద్యపాదాలు, పాటల పల్లవులు, సామెతలు వద్దు. అవన్నీ ఊహించేవాళ్ల జాబితాల్లో ఉండే అవకాశం ఉంది.

తాళపత్రం
9వ టపా

చర్చ మంచి దారిలో సాగుతోంది. రహస్యంగా ఉంచడం గురించి చాలా చెప్పుకున్నాము, నిలబెట్టుకోవడం గురించి ఇంకా కొంత మిగిలి ఉంది.

సింక్ వేరు, బ్యాకప్ వేరు. సింక్ అనేది మార్పును అన్ని చోట్లకూ మోసుకుపోతుంది. ఫైలును ఒక పరికరంలో చెరిపితే అన్నింటిలోనూ చెరిగిపోతుంది, రాన్సమ్‌వేర్ (ఫైళ్లను తెరుచుకోకుండా చేసి డబ్బు అడిగే దుష్ట ప్రోగ్రాము) ఒక కంప్యూటరులోని ఫైళ్లను పాడుచేస్తే ఆ పాడైన ఫైళ్లే క్లౌడ్‌కు చేరతాయి. పాత వెర్షన్లు కొంతకాలం నిలవ ఉంటాయి గనుక వెంటనే గమనిస్తే బయటపడవచ్చు, ఆలస్యమైతే లేదు.

ఇక క్లౌడ్ అంటే ఎక్కడో ఒక భవనంలో ఉన్న యంత్రాలే. 2021 మార్చి 10న ఫ్రాన్సులోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ సంస్థ డేటా సెంటరులో అగ్నిప్రమాదం జరిగి ఒక భవనం పూర్తిగా కాలిపోయింది. తమ బ్యాకప్ కూడా అదే ప్రాంగణంలో ఉన్న ఖాతాదారులు కొందరు సమాచారాన్ని శాశ్వతంగా పోగొట్టుకున్నారు. మైస్పేస్ అనే సామాజిక మాధ్యమం అయితే సర్వర్లు మార్చే క్రమంలో 2015కు ముందు పన్నెండేళ్లపాటు జనం ఎక్కించిన పాటలు, ఫొటోలు, వీడియోలు పోయాయని 2019లో ఒప్పుకుంది. 2014లో కోడ్ స్పేసెస్ అనే సంస్థ క్లౌడ్ నిర్వహణ ఖాతాలోకి చొరబడి డబ్బు అడిగిన దుండగుడు, సంస్థ ఖాతాను తిరిగి చేజిక్కించుకోబోయేసరికి అసలునూ బ్యాకప్‌లనూ చాలావరకు తుడిచేశాడు. ఆ సంస్థ మూతపడింది. అసలూ, బ్యాకప్పూ ఒకే లాగిన్ కింద ఉంటే జరిగేది అదే.

ఖాతానే మూసేసే సందర్భాలు కూడా ఉన్నాయి. అమెరికాలో 2021లో ఒక తండ్రి వైద్యుడికి చూపించడం కోసం తన పసివాడి ఫొటో తీస్తే, అది దానంతట అదే క్లౌడ్‌కు చేరింది. యంత్రాలు దాన్ని అభ్యంతరకరమైనదిగా గుర్తించాయి, గూగుల్ ఆయన ఖాతాను మూసేసింది. పోలీసులు విచారించి నేరమేమీ లేదని తేల్చిన తర్వాత కూడా ఖాతా తిరిగి రాలేదని 2022లో పత్రికల్లో వచ్చింది. పిల్లల్ని కాపాడే ఉద్దేశంతో పెట్టిన తనిఖీ అది, దాని అవసరాన్ని నేను కాదనను. కాని మెయిల్, ఫొటోలు, ఫోను నంబరు అన్నీ ఒకే సంస్థ చేతిలో పెట్టిన కుటుంబానికి అలాంటి ఒక్క పొరపాటు ఎంత పెద్ద దెబ్బో ఆలోచించండి.

కనుక వేకువచుక్క గారూ, మూడు ప్రతులు, రెండు రకాల సాధనాలు, ఒక ప్రతి వేరే చోట అన్న పాత నియమాన్ని పాటించండి. ఇంట్లోని కంప్యూటరులో ఒక ప్రతి. క్లౌడ్ ఒక ప్రతి. ఎన్‌క్రిప్ట్ చేసిన బయటి హార్డ్ డిస్కు ఇంకొకటి. ఆ డిస్కును కాపీ చేసేటప్పుడు తప్ప కంప్యూటరుకు తగిలించి ఉంచవద్దు.

ధర్మాసనం
10వ టపా

చట్టం వైపు నుంచి క్లుప్తంగా చెబుతాను. యూరోపియన్ యూనియన్ సమాచార రక్షణ నిబంధన జీడీపీఆర్ 2018 మే 25 నుంచి అమలులో ఉంది. తన గురించి సంస్థ దగ్గర ఏమేమి ఉందో అడిగి తెలుసుకునే హక్కు, చెరిపించుకునే హక్కు, వాడుకోదగిన రూపంలో తిరిగి తీసుకుని వేరే సేవకు మారే హక్కు అందులో ఉన్నాయి. ఆ తర్వాత అనేక దేశాల చట్టాలు దాని బాటలోనే నడిచాయి. అన్ని దేశాల్లోనూ అదే హక్కు ఉండకపోవచ్చు గాని, పెద్ద సేవల్లో చాలావాటిలో మొత్తం సమాచారాన్ని దించుకునే ఏర్పాటు అందరికీ ఉంది. దాన్ని వాడుకోండి.

సర్వరు ఏ దేశంలో ఉంటే ఆ దేశపు చట్టమే వర్తిస్తుందని చాలామంది అనుకుంటారు. అది సగమే నిజం. అమెరికా 2018 మార్చిలో చేసిన క్లౌడ్ చట్టం ప్రకారం, అమెరికా పరిధిలోని సంస్థ తన అధీనంలో ఉన్న సమాచారాన్ని, అది ఏ దేశంలోని సర్వరులో ఉన్నా, సరైన ఉత్తరువు వస్తే ఇవ్వవలసి ఉంటుంది. పైగా ప్రభుత్వాల ఒత్తిడి వల్ల సదుపాయాలే మారిపోవచ్చు. నిదానం గారు చెప్పిన ఆపిల్ సదుపాయాన్ని 2025 ఫిబ్రవరిలో బ్రిటన్‌లో కొత్తవారికి ఇవ్వడం ఆపేశారు. సంస్థ ఇచ్చే ఎన్‌క్రిప్షన్ సంస్థ నిర్ణయం మీద ఆధారపడి ఉంటుంది. ఫైలును క్లౌడ్‌కు పంపకముందే మనం చేసుకున్న ఎన్‌క్రిప్షన్ అలా మారదు. ఈ కారణంగా నేను అత్యంత సున్నితమైన పత్రాలకు 6వ టపాలోని పద్ధతినే సమర్థిస్తాను.

వేకువచుక్క
11వ టపా

అందరి టపాలనూ కుటుంబంతో కూర్చుని చదివాము. మేము నిర్ణయించుకున్నది ఇది. గుర్తింపు పత్రాలు, దస్తావేజులు, పన్ను కాగితాలు, వైద్య నివేదికలు వాల్టులోకి వెళ్తాయి. పరిమాణంలో ఇవన్నీ కలిపినా చాలా తక్కువే. కుటుంబ ఫొటోలు మాత్రం ఇప్పటిలాగే మామూలుగా ఉంటాయి, కాని వాటికి హార్డ్ డిస్కు మీద రెండో ప్రతి ఉంటుంది. ఫొటోలను కూడా వాల్టులో పెట్టాలని తమ్ముడు పట్టుబట్టాడు, వెతకడానికి వీలు లేకపోతే అమ్మగారు వాటిని చూడడమే మానేస్తారని నేను ఒప్పుకోలేదు. దీనిపై మీ అభిప్రాయం చెప్పండి. ఇంకొక సందేహం, వాల్టులోకి మార్చిన పత్రాల పాత ప్రతులను క్లౌడ్‌లో చెరిపేస్తే సరిపోతుందా?

నిదానం
12వ టపా

ఫొటోల విషయంలో మీ నిర్ణయమే సరైనదని నా అభిప్రాయం. మనుషులు వాడలేని భద్రతను మనుషులు పక్కన పెట్టేస్తారు. పత్రాల ఫొటోలు, ఆసుపత్రిలో తీసిన ఫొటోలు మాత్రం ఆల్బమ్‌లోంచి ఏరి వాల్టులోకి మార్చండి. ఫోనుతో దస్తావేజు ఫొటో తీయగానే అది ఆటోమేటిక్ బ్యాకప్‌లో ఫొటోల వైపు కూడా చేరిపోతుంది, కాబట్టి ఇలాంటివి మీరనుకున్నదాని కంటే ఎక్కువే ఉంటాయి. ఇకమీదట పత్రాలను కెమెరాతో కాక, నేరుగా వాల్టులోకి పంపగలిగే స్కాన్ యాప్‌తో తీయమని ఇంట్లో అందరికీ చెప్పండి.

పాత ప్రతుల సంగతి, చెరపడం ఒక్కటే సరిపోదు. గూగుల్ డ్రైవులో చెరిపినవి చెత్తబుట్టలో 30 రోజులు, గూగుల్ ఫొటోస్‌లో బ్యాకప్ అయినవి 60 రోజులు ఉంటాయి, మీరు వెళ్లి ఖాళీ చేస్తే వెంటనే కనుమరుగవుతాయి. ఆ తర్వాత కూడా సంస్థ సర్వర్లలోంచి పూర్తిగా పోవడానికి సుమారు రెండు నెలలు, వారి బ్యాకప్ వ్యవస్థల్లో ఆరు నెలల దాకా పట్టవచ్చని గూగులే చెబుతోంది. ఇతర సేవల్లో గడువులు వేరుగా ఉంటాయి. ఎక్కించిన ఫైలును అక్కడే ఎన్‌క్రిప్ట్ చేసి అదే పేరుతో తిరిగి దాచితే, పాత వెర్షను చరిత్రలో విప్పిన రూపంలోనే మిగిలిపోతుంది. అందుకని ఆ దారి పట్టకుండా వాల్టులో కొత్త ప్రతి వేసి, పాతదాన్ని పూర్తిగా తొలగించండి.

వరుస మాత్రం తప్పకండి. ముందు వాల్టు నింపండి. హార్డ్ డిస్కు మీదికి దాని ప్రతి తీయండి. తర్వాత ఆ ఖాతాతో ఎప్పుడూ ముడిపెట్టని వేరే కంప్యూటరులో, కాగితం మీది రికవరీ కీని మాత్రమే వాడి, డిస్కులోని వాల్టును తెరిచి, రెండు మూడు పత్రాలు నిజంగా కనబడుతున్నాయో లేదో చూడండి. అవి కనబడిన తర్వాతే పాతవాటిని చెరిపి, చెత్తబుట్ట ఖాళీ చేయండి.